వాడిన విల్లు: టీకా తాత్పర్య సహితం

మూలము

వాడినట్టి విల్లు వాటమైనది సుమ్ము
అరువదైన పౌండ్ల యంత్ర ధనువు
తాడు క్రొత్త, దెబ్బ తగలలేదెపుడును
కొనెడువారు రండు కోరి వేగ

అవతారిక

ఈ ఆటవెలది కర్త విజయవాడలో రిటైరైన ఒక తెలుగు మాస్టారు. ఆయన కుమారుడు విలువిద్య నేర్చి, ఇంజనీరింగులో సీటు రాగానే విల్లును అటకెక్కించి హాస్టలుకు వెళ్లిపోయాడు. దాన్ని అమ్మకానికి పెడుతూ మాస్టారు వాట్సాప్‌లో వదిలిన పద్యమిది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ ఊరి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్య కాంపౌండ్ (పద్యంలోని యంత్ర ధనువు) విభాగంలో మూడు స్వర్ణాలు గెలిచింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ మొదటిసారి అడుగుపెట్టబోతోంది. కాబట్టి ఇలాంటి పద్యానికి శ్రోతల కొరత లేదు. మా బావ తన పదమూడేళ్ల కూతురి కోసం దీన్ని పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. కొత్తది కొనడం అతని వల్ల అయ్యే పని కాదు; అందుకే అన్వయంలో ఇంత శ్రద్ధ.

ప్రతిపదార్థము

వాడినట్టి = ఇదివరకు మరొకరు లాగి వదిలిన. దీనికి ముఖం చిట్లించనక్కర్లేదు. గాండీవం మాత్రం షోరూమ్ నుంచి వచ్చిందా? బ్రహ్మ, ప్రజాపతి, ఇంద్రుడు, సోముడు, వరుణుడు, ఇందరి దగ్గర ఉన్నాక అర్జునుడికి చేరింది, అదీ అగ్నిదేవుడి మధ్యవర్తిత్వంతో. సెకండ్ హ్యాండ్ కూడా కాదు, ఆరో చెయ్యి. అయితే వాళ్లలో ఎవరూ దాన్ని అటక మీద పడేసిన దాఖలా లేదు.

విల్లు = స్పష్టము.

వాటమైనది = ఎవరికి? ఇక్కడ ఆగాలి. ‘అందరికీ’ అని మాస్టారి భావం. అది చెల్లదు. చక్రాలు లేని రికర్వ్ విల్లైతే పొడుగు చేతులవాడు కాస్త ఎక్కువ, పొట్టి చేతులవాడు కాస్త తక్కువ లాగి కాలక్షేపం చేస్తారు. కాంపౌండ్‌లో ఆ వెసులుబాటు లేదు. చివర్లలోని చక్రాలు, అంటే క్యామ్‌లు, నిర్ణీత దూరం తిరిగి ఆగిపోతాయి. ఆపైన లాగుదామన్నా రాదు, ముందే ఆగుదామంటే తాడు ముందుకు గుంజుతుంది. ఆ దూరం పేరు డ్రా లెంగ్త్. రెండు చేతులూ చాపి బార కొలిచి, అంగుళాలను రెండున్నరతో భాగిస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మా మేనకోడలి బార 62 అంగుళాలు, అంటే 25కు కాస్త తక్కువ. మాస్టారి కొడుకు ఆరడుగులవాడు. అతని లెక్క 29కి అటూ ఇటూ.

ఫోన్ చేసి అడిగాం. “డ్రా లెంగ్త్ ఎంతండీ మాస్టారూ?” “సర్దుబాటవుతుంది నాయనా.” కొన్ని విళ్లలో క్యామ్ మీది మాడ్యూల్ స్క్రూలు విప్పి జరిపితే నిజంగానే అవుతుంది. కొన్నింటిలో క్యామ్‌లే మార్చాలి. మోడల్ పాతబడితే ఆ క్యామ్‌లు దొరకడం ఐదో పురుషార్థం. కాబట్టి విల్లు రెక్క (లింబ్) మీది స్టిక్కర్ చదివేదాకా ‘సర్దుబాటు’ అన్న మాటకు అర్థం రాయకూడదు. సర్దుబాటు కాని విల్లు చేతికిస్తే పిల్ల వెనక్కి విరుచుకుని నిలబడుతుంది, తాడు ముంజేతిని కొడుతుంది, బాణం దారి తప్పుతుంది. తప్పు పిల్లదే అని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు.

అరువదైన పౌండ్ల = సుమారు 27 కిలోల లాగుడు గల. ‘ఐన’ పాదపూరణం. అంతర్జాతీయ పోటీల్లో కాంపౌండ్‌కు అనుమతించే గరిష్ఠం ఇదే కనుక కవి దీన్ని అలంకారంగా వాడాడు. పదమూడేళ్ల పిల్ల విషయంలో ఇది దోషం. లింబ్ బోల్టులు వదులు చేస్తే సాధారణంగా పది పౌండ్ల దాకా దిగుతుంది. యాభై కూడా ఆ భుజాలకు బరువే.

యంత్ర ధనువు = కాంపౌండ్ విల్లు; 1966లో అమెరికాలోని మిస్సోరీవాసి హాలెస్ విల్బర్ అలెన్ పేటెంటుకు దరఖాస్తు పెట్టి 1969లో పొందిన నిర్మాణము. మొదట అరవై పౌండ్లూ లాగాలి. క్యామ్ తిరిగాక, ఎనభై శాతం లెట్ ఆఫ్ (భారం తగ్గుదల) ఉన్న విల్లైతే, చేతికి మిగిలేది పన్నెండు పౌండ్లే. గురి చూసినంతసేపూ అంతే. ఇది విని మా బావ “అయితే పిల్ల అవలీలగా లాగేస్తుంది” అన్నాడు. పన్నెండు దగ్గరికి చేరే దారి అరవై మీదుగానే ఉందని వ్యాఖ్యాత మనవి.

తాడు క్రొత్త = మెచ్చదగినదే; రెండు మూడేళ్లకు ఎలాగూ మార్చాలి. కానీ అటకెక్కిన విల్లుకు కొత్త తాడెందుకు? అమ్మబోయే ఇంటికి సున్నం కొట్టించినట్టయితే సరే. పాతది తెగి ఉంటే తరవాతి పదంలోకి నడవాలి. తాడు మార్చడానికి లింబులను వంచి పట్టే బో ప్రెస్ కావాలి, అది మామూలు ఇళ్లలో ఉండదు. మార్చినవాడొకడు ఉన్నాడన్నమాట. అతన్నీ అడగవచ్చు.

దెబ్బ తగలలేదెపుడును = పద్యానికి ప్రాణం, వ్యాఖ్యాతకు ప్రాణసంకటం. కింద పడటం చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ, బాణం లేకుండా తాడు వదలడం. డ్రై ఫైర్ అంటారు. బాణం మోసుకుపోవలసిన శక్తి విల్లులోకే తిరగబడుతుంది. లింబులు చీలవచ్చు, క్యామ్ వంగవచ్చు. “ఏదీ, ఓసారి లాగి చూస్తా” అనే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. మాస్టారు బజారుకెళ్లినప్పుడు జరిగినదానికి మాస్టారి పద్యం సాక్ష్యం కాదు. పైగా మే నెల విజయవాడలో రేకుల కప్పు కింది అటక. వడదెబ్బా దెబ్బే: వేడికి తాడు సాగుతుంది, లింబుల అతుకులు వదులుతాయి.

దూది ఉండను లింబ్ అంచుల వెంట మెల్లగా రాయాలి. పోగు పట్టుకున్నచోట చీలిక. వేలితో వెతికితే నార గుచ్చుకుంటుంది. వెనక నుంచి చూస్తే క్యామ్ పక్కకు ఒరిగి కనిపించకూడదు. లాగి చూడటం ఆ తరవాతే, అదీ బాణం తొడిగి, ఎదుట బాణాన్ని ఆపే బట్ పెట్టుకుని. మిథిలలో ఈ పరీక్షలేవీ జరగలేదు. జనకుడి పూర్వీకుడు దేవరాతుడి దగ్గర దాచిన ఆ శివధనుస్సు కూడా వాడినదే. రాముడు లాగగానే నడిమికి విరిగింది. అక్కడ విరిచినవాడికి పిల్లనిచ్చారు. ఇక్కడ బిల్లు ఇస్తారు.

కొనెడువారు రండు కోరి వేగ = ‘వేగ’ను వదిలేసి చదువుకోవాలి.

అనుక్తము

విల్లు కుడిచేతివాటానిదా, ఎడమచేతివాటానిదా అన్నది కవి చెప్పలేదు. విల్లు నడిమి పిడి (రైజర్) ఒక్క చేతికే పనికొస్తుంది, తిప్పి పట్టుకుంటే కుదరదు. సైట్, రెస్ట్, రిలీజ్ కలిపి ఇస్తాడో విడిగా కొనాలో లేదు. చాలా కంపెనీల వారంటీ మొదట కొన్నవారితోనే సరి, అదీ లేదు. ధర అసలే లేదు. చెప్పకపోవడం ధ్వని అని ఆలంకారికులు, బేరం అని మా బావ.

తాత్పర్యము

విల్లు మంచిదే కావచ్చు, మాస్టారి కొడుక్కి. పిల్లల బారతో పాటు పెరిగే, తక్కువ పౌండ్లతో మొదలయ్యే విళ్లు వేరే ఉన్నాయి.

పాఠాంతరము

మేం దూది ఉండతో వెళ్లి వచ్చిన మర్నాడు గ్రూపులో మూడో పాదం ఇలా కనిపించింది:

తాడు క్రొత్త, దెబ్బ తగిలె నొక్కపరియె

గణాలు సరిపోయాయి, యతి చెడలేదు. రెండు పాఠాల్లో ఏది కవిహృదయానికి దగ్గరో తేల్చుదామని నేను కూర్చుంటే, మా బావ ఫోన్ నా చేతిలో పెట్టి, “ఆ ఒక్కపరికి ఎంత తగ్గిస్తారో కనుక్కో” అంటున్నాడు.