నా వీపు మీద 1377912

నేను 1967 నాటి ఒక ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ కడుపులో ఉండే వాల్యూమ్ పాట్‌ని. రేడియోలు బాగుచేసేవాళ్లు వాల్యూమ్ కంట్రోల్ అంటారే, అదే. గుండ్రటి లోహపు డబ్బా, లోపల లాడం ఆకారంలో బొగ్గు పూసిన బాట, దాని మీద జారే నాలుక, వైర్లు కలపడానికి మూడు కాళ్లు. పైన గుండీ తిప్పితే నాలుక బాట మీద నడుస్తుంది, శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. నా నిరోధం 2,50,000 ఓములు. ఈ గిటార్‌తో కలిసి నేను పుట్టలేదు. నా చోట అంతకుముందు ఇంకొకటి ఉండేది. అది అరిగిపోతే నన్ను తెచ్చి పెట్టారు. చాలా ఏళ్లు ఎవరికీ పట్టని ఆ సంగతి మూసాపేటలో, మే నెల మధ్యాహ్నం, ఒక మేనమామ, ఒక మేనల్లుడి చేతుల్లో బయటపడింది.

అల్లుడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కైతలాపూర్ వంతెన మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తాడు. కాలిఫోర్నియాలో ఉన్న స్నేహితుడి ద్వారా ఈ గిటార్ కొన్నాడు. మామ ఈసీఐఎల్‌లో టీవీ సెట్లు కూర్చి రిటైరైన మనిషి. గిటార్ ఎన్నడూ పట్టుకోలేదు. అయినా అల్లుడు సరైన మనిషినే పిలిచాడని నా నమ్మకం. అసలు ఈ గిటార్‌ను తలపెట్టిన లియో ఫెండర్‌కు కూడా వాయించడం రాదు. 1938లో ఫుల్లర్టన్‌లో రేడియో రిపేరు షాపు పెట్టి మొదలైనవాడు ఆయన. 1954లో స్ట్రాటోకాస్టర్‌ను బజారులోకి తెచ్చాడు. స్క్రూలు తీస్తే ప్రతి భాగం విడివిడిగా చేతికొచ్చేలా, చెడింది మార్చి మళ్లీ బిగించేలా చేశాడు. వాయించేవాళ్లకు అది ఎంత మేలో, అసలు సరుకేదో తేల్చాల్సినవాళ్లకు అంత చిక్కు.

"మామా, నంబర్ చూస్తే అరవై ఏడుదే అని చెప్తున్నది," అన్నాడు అల్లుడు.

"నంబర్ ఏడుంది? నాలుగు స్క్రూల రేకు మీద. ఆ రేకు ఊడదీసి ఇంకో దానికి పెట్టనీకి ఎంతసేపు?"

మామ మాట నిజం. నెక్‌ను బాడీకి బిగించే ఆ రేకులు కార్ఖానాలో డబ్బాలో పోసి ఉండేవి. చేతికందింది తీసి బిగించేవారు. కాబట్టి ఆ సంఖ్య ఏడాదిని ఉజ్జాయింపుగా చెబుతుంది, అంతే. తీగలు వదులు చేసి నెక్ ఊడదీశారు. దాని మడమ మీద ముద్ర కనిపించింది: 13 MAR 67 B అని ఇంగ్లిషు అక్షరాల్లో. మార్చి 13 అని చదివేవాళ్లు చాలామంది. అల్లుడు అలా చదవలేదు. 13 మోడల్ సంకేతం, B అంటే తీగలు కూర్చునే నట్ దగ్గర నెక్ వెడల్పు, ఒక అంగుళం, దాని మీద ఐదెనిమిదో వంతులు. నెల, ఏడాది మాత్రమే అందులోని తేదీ. ఈసీఐఎల్ పెట్టింది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. "మా కంపెనీ ఈడుదే ఇది," అని మామ నెక్‌ను ఒకసారి నిమిరాడు.

నెక్ కూర్చునే గుంటలో రంగు పడని నిలువు పట్టీ ఒకటి ఉంది. రంగు కొట్టేటప్పుడు బాడీని పట్టుకోవడానికి ఆ గుంటలో ఒక కర్ర బిగించేవారు, దాని కింద చెక్క అలాగే ఉండిపోయేది. మళ్లీ రంగు వేసిన గిటార్లలో చాలాసార్లు ఆ జాడ మూసుకుపోతుంది. దొంగనోట్లు పట్టే నీలి లైటు తెచ్చి బాడీ అంతా చూశారు. పాత నైట్రోసెల్యులోజ్ పూత పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరిసింది, మధ్యలో ఎక్కడా నల్లటి మరకలు లేవు.

తర్వాత పికప్‌ల వంతు, అంటే గిటార్ తీగల కంపనాన్ని పట్టే రాగి చుట్ల వంతు. ఇక్కడ అల్లుడికి గుండె ఆగినంత పనైంది. అమ్మిన మనిషి పంపిన కాగితంలో బ్రిడ్జ్ పికప్ 5.75 కిలో ఓములు అని ఉంది. మూసాపేటలో మీటరు 6.15 చూపించింది. తీగ తెగితే ఎవరో మళ్లీ చుట్టారేమో, అసలు తీగ పోయిందేమో అని అల్లుడి భయం. మామ గోడ మీది థర్మామీటర్ చూశాడు. గదిలో 38 డిగ్రీలు. అమ్మిన మనిషి కాగితం మీద గది వేడి 20 డిగ్రీలని రాసి ఉంది. రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 18 డిగ్రీలకు 7 శాతం. 5.75కు 7 శాతం కలిపితే 6.15. ఇంత చక్కటి లెక్క నా ఎదుట ఇంకెవరూ వేయలేదు. ఇంకో మాట. పికప్ టంకం ఊడదీయకుండా, వైరు గిటార్ జాక్‌లో పెట్టి బయటి నుంచే కొలిచారు. అలా కొలిస్తే పికప్‌తో పాటు నేనూ లెక్కలోకి వస్తాను, అంకె రెండు శాతానికి కాస్త పైగా తగ్గుతుంది. గుండీ పూర్తిగా పైకి తిప్పి పెడితే ఆ తేడా అంతకు మించదు. దాదాపు అరవై ఏళ్లు చెక్కుచెదరని టంకాన్ని ఒక్క అంకె కోసం కరిగించడం కంటే ఆ రెండు శాతం వదిలేయడమే నయం.

అప్పుడు తీశారు పిక్‌గార్డ్, మమ్మల్ని కప్పి ఉంచే పై పలక. పదకొండు స్క్రూలు. నా మీద చాలాకాలానికి వెలుతురు పడింది.

మామ మొదట చూసింది టంకం. ఎవరూ అడగకుండానే. నేనూ, నా పక్కనున్న రెండు టోన్ పాట్లూ, మా మూడింటి వీపుల మీదా ఎర్త్ వైర్ల టంకం ఉంది. టోన్ పాట్ల మీద అది బూడిద రంగుకు తిరిగి మాసిపోయి ఉంది, ముద్ద చిన్నది. నా మీద పెద్ద ముద్ద, ఇంకా మెరుపు పోలేదు. నాకు వచ్చే బట్ట చుట్టిన వైరు కొన దగ్గర కమిలి నల్లబడింది. "ఇది రెండోసారి కాలింది," అన్నాడు. పళ్ల డాక్టర్ల దగ్గర ఉండే చిన్న అద్దం లోపలికి పెట్టి నా వీపు చదివించాడు.

1377912. మొదటి మూడంకెలు తయారుచేసిన కంపెనీవి. 137 అంటే సీటీఎస్, 1896లో షికాగోలో టెలిఫోన్ సామానుతో మొదలై ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్‌కు తరలిన సంస్థ. తర్వాతి రెండూ ఏడాది, 1979. చివరి రెండూ వారం, పన్నెండోది. నా పక్కనున్న రెండింటి మీదా 30466 అని మొదలవుతుంది, అంటే స్టాక్‌పోల్ కంపెనీ, 1966. నెక్ కంటే పాట్లు ఏడాది పాతవని అల్లుడు మళ్లీ తటపటాయించాడు. అది తప్పు కాదు, పైగా ఆ కాలపు గిటార్లకు గుర్తు. 1965 జనవరిలో లియో తన కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్‌కు అమ్మేశాడు. కొత్త యాజమాన్యం 1966లో పాట్లు కుప్పగా కొన్నది, అవి 1969 దాకా వాడకంలో ఉన్నాయి. ముందు చేసిన పాట్ తర్వాతి గిటార్‌లో ఉండొచ్చు. 1979 పాట్ 1967 గిటార్‌తో పుట్టడం కుదరదు.

నన్ను బిగించినవాడు మంచి పనివాడని చెప్పాలి. అందరికంటే ఎక్కువ తిరిగేది వాల్యూమ్ గుండీ, ముందు అరిగేదీ అదే. గరగరమంటున్న ఆ ఒక్కదాన్ని మార్చాడు, మిగతా ఏదీ ముట్టుకోలేదు. పికప్‌లను ఎంచుకునే స్విచ్ 1977 నుంచి కార్ఖానాలోనే ఐదు మెట్లది వచ్చేసింది. చాలామంది పాత మూడు మెట్లది పీకి పారేసి కొత్తది పెట్టుకున్నారు. ఇక్కడ పాతదే, సీఆర్ఎల్ ముద్రతో, ఇంకా ఉంది.

అల్లుడు ఫోన్ తీశాడు. 1966 ముద్ర ఉన్న స్టాక్‌పోల్ పాట్లు విడిగా అమ్ముతారు, ధర ఎక్కువ. అది తెచ్చి పెడితే మూడూ ఒకే ఏడాదివి అవుతాయి.

"గది పెడితే గిటార్ మంచిగైతదా?" అన్నాడు మామ.

"విలువ పెరుగుతది మామా."

"పెరుగుతది. రేపు నీ దగ్గర కొనెటోనికి ఏం చెప్తవు?"

అల్లుడు చాలాసేపు ఏమీ అనలేదు. నాకు భయమేసింది, నిజమే, కానీ నా గురించి కాదు. ఇప్పటిదాకా ఈ గిటార్ తన గురించి ఉన్నదున్నట్టు చెబుతోంది. నేను పోయి, వేరే గిటార్ నుంచి పీకిన పాట్ ఆ కమిలిన వైరుకు అతికితే, రెండు గిటార్ల చరిత్ర ఒక్క దెబ్బతో చెడుతుంది. ఎవరూ పట్టుకోలేనంత శుభ్రంగా పని చేయడం మామకు చేతనవును. అందుకే ఆయన వద్దనడం నాకు అంత గొప్పగా తోచింది.

అల్లుడు ఫోన్ పక్కన పెట్టి ఫొటోలు తీశాడు: నెక్ ముద్ర, గుంటలో పట్టీ, మూడు పాట్ల వీపులు. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాశాడు: వాల్యూమ్ పాట్ తర్వాత మార్చినది, 1979; మిగతా వైరింగ్ ముట్టనిది. అమ్మిన మనిషికీ అవే ఫొటోలు పంపాడు. పదకొండు స్క్రూలు బిగించి ఆంప్‌కు కలిపారు. సింగిల్ కాయిల్ పికప్‌ల సహజమైన గుంయ్‌మనే హోరు వచ్చింది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50, అందుకే ఆ హోరు మూసాపేటలో మూడు అర్ధస్వరాల కింద పలుకుతోంది. మామ నన్ను సున్నా నుంచి పది దాకా తిప్పాడు. గరగర లేదు.

"ఇంక చానేండ్లు వస్తది," అని చెప్పి, జిప్ ఉన్న చిన్న ప్లాస్టిక్ కవరొకటి కేసు జేబులో పెట్టించాడు. దాని మీద అల్లుడి చేత రాయించాడు: తీసిన భాగాలు ఇందులో, పారెయ్యకూడదు.