పెళ్లిరోజు పిస్టల్

మొగుడు రహస్యంగా ఏదో కొంటున్నాడని కనిపెట్టడానికి పెళ్లానికి గూఢచారులు అక్కర్లేదు. అడక్కుండానే చెత్తబుట్ట బయట పెడతాడు. ఫోను బోర్లించి పెడతాడు. కూరలో ఉప్పు మరిచిపోయినా లొట్టలేసుకుంటూ తింటాడు. మా ఆయన ఇవన్నీ కట్టగట్టుకుని చేయడం మొదలుపెట్టారు. పైగా హాల్లో టీవీ కూడా అప్రూవర్‌గా మారింది. యూట్యూబ్ తెరిస్తే మొన్నటిదాకా ప్రవచనాలు, గోంగూర మటన్, పాత సినిమాల కామెడీ సీన్లు వరస కట్టేవి. ఇప్పుడు మోచేతులదాకా పచ్చబొట్లున్న గడ్డం ఆసామి ఒకడు ప్రత్యక్షమై, ఆడవాళ్ల చేతికి నప్పే పిస్టళ్లేవో విడమరిచి చెబుతున్నాడు. మా ఇంట్లో ఆడదాన్ని నేనొక్కదాన్నే. పెళ్లిరోజు దగ్గరపడుతోంది. ఇంకేం తెలియాలి?

కోప్పడదామంటే నోరు రాలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నాకిచ్చిన కానుకలు మిక్సీ, ఇన్‌స్టంట్ పాట్, దోసెల పెనం. అన్నీ నా పేరున వచ్చి ఆయన ఆకలికి పనిచేసినవే. వాటి పక్కన పిస్టల్ ఎంతో నయం. దాంతో ఎవరికీ వండి పెట్టక్కర్లేదు.

ఈ ఆలోచనకు మూలం బంగారం. మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మనవాళ్ల ఇళ్లలో వడ్డాణాలు, అరవంకీలు ఉంటాయని మన చుట్టాలకంటే దొంగలకే బాగా తెలుసు. హ్యూస్టన్ మహిళ ఒకావిడ ఏకంగా ముఠా కట్టి, 2011 నుంచి 2014 దాకా టెక్సాస్, జార్జియా, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లనే ఏరి ఏరి దోపిడీలు చేయించింది. 2019లో ఆవిడకు 37 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఈ కథ మా స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఏడాదికోసారి కొత్త వార్తలా తిరుగుతుంది. అది వచ్చినప్పుడల్లా మా ఆయన తలుపు గడియలు సరిచూస్తారు. ఈసారి ఇంకో అడుగు ముందుకేశారన్నమాట.

ఒక రాత్రి సోఫాలో కూర్చుని, "నీ చెయ్యి ఒకసారి ఇటివ్వు" అన్నారు. నాకు సిగ్గేసింది. ఇచ్చాను. అరచేతిని తన చేతిలోకి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులోంచి వేలి కొసదాకా నెమ్మదిగా తన వేలితో గీత గీశారు. ఈ వయసులో ఈ సరసమేమిటా అని మురిసేలోపే జేబులోంచి కొలత టేపు బయటికొచ్చింది. "ఏమండీ, అది దేనికి?" అంటే, "ఊరికే, చేతి తొడుగులకి" అన్నారు. టెక్సాస్‌లో, జూలై నెలలో, చేతి తొడుగులు!

ఆ కొలత ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. పిస్టల్ పట్టుకున్నప్పుడు చూపుడువేలి కొస ట్రిగ్గర్ మీదికి తిన్నగా అందాలి. పిడి లావైతే వేలు చాలదు. వేలు చాలక చెయ్యి పక్కకి తిప్పి పట్టుకుంటే గుండు కూడా ఆ పక్కకే పోతుంది. అంటే ఇది గాజుల బేరం లాంటిదే. రెండున్నర సైజు చేతికి రెండుంపావు గాజు ఎంత ఖరీదైనదైతే మాత్రం ఏం లాభం? గాజుల కొట్టు శెట్టిగారు సైతం చెయ్యి చూడందే గాజు తీయడు. మా ఆయన మాత్రం టేపు నమ్ముకున్నారు.

టేపు తర్వాత సలహాదారులు. శనివారం పాట్‌లక్‌లో ఆడవాళ్లం వంటింట్లో ఉంటే మగవాళ్లు గరాజ్‌లో సభ తీర్చారు. ప్లేట్లు తెచ్చే నెపంతో నేనూ ఒక చెవి అక్కడే పడేశాను.

"గ్లాక్ 19 రా. కళ్లు మూసుకుని కొనేయ్" అన్నాడొక మిత్రుడు. 1988 నుంచి వస్తున్న మోడల్, 9 ఎం.ఎం., 15 గుళ్లు పడతాయి, బురదలో పడేసినా పేలుతుంది అని దాని గుణగణాలు వర్ణించాడు. విడిగా సేఫ్టీ మీట ఉండదట, ట్రిగ్గర్‌లోనే ఇమిడి ఉంటుందట. నాకు గుణాలు నచ్చాయి గానీ ఆ "కళ్లు మూసుకుని" నచ్చలేదు. తుపాకీ వ్యవహారంలో అదొక్కటే చేయకూడదు కదా.

"ఆడవాళ్లు హ్యాండ్‌బ్యాగులో ఏం పెట్టుకుంటారు చెప్పు, చిన్నదే కావాలి" అన్నాడు రెండో ఆయన. ఆయన ఓటు రూగర్ ఎల్‌సీపీకి. 2008లో వచ్చింది, పావుకిలోకి కాస్త పైచిలుకు. మూడో ఆయన సిగ్ పీ365 అన్నాడు. 2018లో వచ్చింది, అరచేతిలో పట్టేంత ఒళ్లు, అయినా 10 గుళ్లు. నాలుగో ఆయన వయసులో పెద్ద, అందుకని ఆయన తుపాకీ కూడా పెద్దదే. "జాన్ బ్రౌనింగ్ గీసిన 1911 ముందు ఇవన్నీ బొమ్మలోయ్. అమెరికా సైన్యం 1985 దాకా మోసింది" అన్నారు. కిలో పైన బరువు, .45 గుండు. సైన్యం మోసింది సరే, నా హ్యాండ్‌బ్యాగు ఎవరు మోస్తారు?

నలుగురూ తమ ఆవిడలకు కొనిచ్చారా అంటే, లేదు. నలుగురూ తమకు మనసైనదాన్నే నా పేరు మీద చెబుతున్నారు. "పింక్ రంగులో కూడా దొరుకుతుందిరా" అని మధ్యలో ఎవరో అనేసరికి మా ఆయన ముఖం వెలిగింది. దసరా ఆయుధపూజకి కుంకుమబొట్టు పెడితే పింక్ మీద కనపడదని నాకు బెంగ పట్టుకుంది.

అందరికంటే ఎక్కువ తెలిసినవాడు మూలన కూర్చున్న కుర్రాడు. వాడు ఇంకా హెచ్1బీ మీదే ఉన్నాడు కాబట్టి తుపాకీ ముట్టుకోకూడదు. ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీదున్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటం నేరం. అయితే అందులోనే ఒక చిలిపి మినహాయింపు ఉంది: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే ఫరవాలేదు. గ్రీన్‌కార్డు వరుస కదలకపోయినా, జింకలను వేటాడటానికి అనుమతి తెచ్చుకుంటే పిస్టల్‌కి దారి దొరుకుతుందన్నమాట. "నాకు గ్రీన్‌కార్డు వచ్చేసరికి చెయ్యి వణికే వయసు వస్తుంది అన్నా. అప్పుడు మోడల్ చూసుకుంటా" అన్నాడు వాడు. మేం పౌరసత్వ ప్రమాణం చేసినవాళ్లం కాబట్టి ఆ గొడవ లేదు.

కానుకగా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్న సందేహానికి కూడా వాడే జవాబు చెప్పాడు. కొట్లో 4473 అనే ఫారం నింపాలి. అసలు కొనుగోలుదారు నువ్వేనా అని అందులో అడుగుతారు. సొంత డబ్బుతో కొని, తుపాకీ ఉంచుకోవడానికి అర్హత ఉన్నవాళ్లకు నిజంగా కానుక ఇస్తుంటే 'అవును' అని రాయొచ్చు. ఇంకొకరి డబ్బు తీసుకుని వాళ్ల కోసం కొంటూ 'అవును' అని రాస్తే మాత్రం జైలు దారి. ఒక మాజీ పోలీసు తన మావయ్య డబ్బుతో ఆయనకే గ్లాక్ కొని, ఆ ప్రశ్నకు 'అవును' అని టిక్కు పెట్టినందుకు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2014లో ఓడిపోయాడు. మావయ్య తుపాకీ ఉంచుకోవడానికి అర్హుడే, అయినా సరే. ఇది వినగానే మా ఆయన దిగులుపడ్డారు. మాది జాయింట్ అకౌంట్. నా కానుకని సగం నా జీతంతోనే కొంటారు కదా! భార్యాభర్తల విషయంలో అంత లోతుకు పోరులే అని కుర్రాడు ధైర్యం చెప్పాడు.

మర్నాడు ఫోన్లో తెనాలిలో ఉన్న అమ్మకు సంగతి చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను.

"అల్లుడుగారు తనకోసం కొనుక్కుంటున్నారా?"

"కాదమ్మా, నాకోసం."

"నీ చేతికి ఇస్తారా? నిండా గుళ్లతోనా?"

"ఆ."

"నీతో ఇన్నేళ్లు కాపురం చేసి కూడా నీ చేతికి తుపాకీ ఇస్తున్నారంటే దేవుడే తల్లీ ఆయన. అలాంటి మొగుణ్ణి విసుక్కోకు."

నాన్న పక్కనుంచి ఫోను లాక్కున్నారు. ఇండియాలో అయితే ముందు ఎవరి చేతికి ఇస్తామో వాళ్ల పేరునే లైసెన్సు ఉండాలి, పోలీసులు ఇంటికొచ్చి విచారించాలి, పైగా 9 ఎం.ఎం. పిస్టల్ మామూలు జనానికి నిషిద్ధం అని లెక్చరు ఇచ్చారు. ఆయన మాటల్లో నాకు బాగా పట్టుకున్నది ఒకటుంది. అక్కడి చట్టం తెలిసి చేసినా తెలియక చేసినా, తుపాకీని సర్‌ప్రైజ్‌గా ఇవ్వడం అసాధ్యం చేసి పెట్టింది. టెక్సాస్‌లో అది సాధ్యం. ఎదురుచూసే గడువు లేదు, నేరచరిత్ర తనిఖీ చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది, 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండిన అర్హులు పర్మిట్ లేకుండానే వెంట తిప్పుకోవచ్చు. సాధ్యమైందల్లా చేయాలా అన్నదే ప్రశ్న.

ఆయన రహస్యం ఆయనకుంటే నా రహస్యం నాకుండకూడదా? పక్క వీధి స్నేహితురాల్ని వెంటబెట్టుకుని ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను. అక్కడ పిస్టళ్లు అద్దెకిస్తారు. మా నాయనమ్మ వయసున్న టెక్సాస్ ముసలావిడ శిక్షకురాలు. చెవులకు మఫ్లు, కళ్లకు అద్దాలు తగిలించి మొదటి పాఠం చెప్పింది: ప్రతి తుపాకీలోనూ గుండు ఉందనే అనుకో, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రానీకు. తర్వాత నా చున్నీ వైపు చూసి, దాన్ని మెడ చుట్టూ బిగించి కట్టమంది. ఎందుకో అర్థం కాలేదు.

గరాజ్ సభలో వినిపించిన పేర్లన్నీ వరసగా అడిగాను. ముందు చిన్నది, హ్యాండ్‌బ్యాగులో పట్టేది. పేల్చగానే అరచెయ్యి చచ్చుబడిపోయింది. "చిన్నదాన్నిచ్చి ఆడవాళ్లకి సుఖమని మగవాళ్లు అనుకుంటారు. తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత తంతుంది" అని ముసలావిడ నవ్వింది. బరువున్న తుపాకీ ఆ తన్ను తానే మింగుతుందట. గ్లాక్ 19 నిజంగానే బుద్ధిమంతురాలు, చెయ్యి నొప్పెట్టలేదు. కానీ పైనున్న స్లైడ్‌ని వెనక్కి లాగడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. లాగడం కాదు, పిడి పట్టిన చేతిని ముందుకు తోస్తూ రెండో చేతిని గట్టిగా నిలబెట్టు అని ఆవిడ నేర్పించాక కొంత నయం. చివర్న స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ ఇచ్చింది. స్లైడ్ సులువుగా వెనక్కి రావాలనే చేసిన పిస్టల్ అది. పిడి వెనక ఒక మీట ఉంది, చెయ్యి సరిగ్గా బిగిస్తేనే పేలుతుంది. నా చేతికి అదే తన ఇల్లన్నట్టు కూర్చుంది. గరాజ్‌లో ఒక్కడూ దాని పేరెత్తలేదు.

అప్పుడే పక్క లేన్‌లో ఒకాయన పేల్చిన తూటా ఖాళీ తొడుగు గాల్లో ఎగిరొచ్చి నా చున్నీ మీద పడి, పక్కకు జారింది. కాగే ఇత్తడి. చున్నీ లేకపోతే కుర్తాలోకి దిగేది. "పడితే ముందు పిస్టల్ కింద పెట్టు, తర్వాత గెంతు" అంది ముసలావిడ. ఇది నేర్పకుండా ఎవరైనా భార్య చేతిలో రిబ్బన్ కట్టిన పెట్టె పెడితే ఏమవుతుందో తలచుకుంటే ఒళ్లు జలదరించింది. సర్‌ప్రైజ్ అన్నది తుపాకీ చుట్టుపక్కల ఉండకూడనిది. చీర నచ్చకపోతే మార్చుకుంటాం, ఉంగరం వదులైతే దారం చుట్టుకుంటాం. పిస్టల్ చేతికి సరిపోకపోతే గుండు వెళ్లాల్సిన చోటికి కాక ఇంకో చోటికి వెళ్తుంది. మొగుడు ఎంత నాణ్యమైనది ఏరి తెచ్చినా, ఆ నాణ్యం తేలేది పట్టుకునే చేతిలోనే.

పెళ్లిరోజు వచ్చింది. ఉదయం కాఫీ ఇచ్చి, "పడగ్గదిలోకి రా" అన్నారు. పింక్ పిస్టల్‌ని చూసి ఎంత ఆశ్చర్యపోవాలో అద్దం ముందు సాధన చేసుకునే ఉన్నాను. తీరా చూస్తే అక్కడ రిబ్బన్ కట్టి నిలబెట్టిన పెద్ద ఇనప్పెట్టె. నంబర్లు నొక్కితే తెరుచుకునేది. లోపల ఏమీ లేదు.

"కొట్టువాడు నన్ను తిట్టినంత పని చేశాడు" అన్నారు మా ఆయన. "ఆవిడ చెయ్యి ఇక్కడ లేకుండా నేను అమ్మనన్నాడు. పిల్లలున్నారా అని అడిగాడు. 17 ఏళ్లలోపు పిల్లలకు గుళ్లున్న తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో నేరమట. ముందు పెట్టె, తర్వాతే పిస్టల్ అన్నాడు. పిస్టల్ నువ్వే చూసుకో."

మనిషి మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పొంగిందో చెప్పలేను. ఆ ప్రేమలోనే బీరువాలో చీరల కింద దాచిన నగలన్నీ తీసుకొచ్చాను. పై అరలో వడ్డాణం, కాసులపేరు. రెండో అరలో గాజులు, అరవంకీలు, పిల్లల మొలతాళ్లు. కింద అరలో అత్తగారి హారం, పట్టాభిషేకం వెండి ఫ్రేము, పాస్‌పోర్టులు, ఇంటి కాగితాలు. తలుపు మోకాలితో అదిమితే పడింది.

"మరి పిస్టల్ ఎక్కడ పెడతావు?" అన్నారు ఆయన.

చోటు లేదు. ఈజెడ్ కొనాలంటే ముందు ఇంకో ఇనప్పెట్టె కావాలి. వచ్చే పెళ్లిరోజుకి ఆయనకు నేనిచ్చే కానుక అదే. కొలతలు, రంగు, ధర అన్నీ ఆయనకే చూపించి, ఆయన చేతే ఒప్పించి, జాయింట్ అకౌంట్ లోంచే కొంటాను.