సీలు ద్విపదకు టీకా తాత్పర్యం

మూలం:
నల్లనైనది గీయ నలుపంటు బొగ్గు
తెల్లనై మెరిసిన తెలియు పింగాణి
చేతికి బరువైన చెప్పు టంగ్‌స్టనని
రబ్బరు డీజిల్న రాత్రుంచి చూడు

అవతారిక: మాచర్లలో మోటార్లు బాగుచేసే షాపుకు ఒకాయన షాఫ్టు దగ్గర నీళ్ళు కారకుండా ఆపే మెకానికల్ సీలు అరిగిపోతే దాన్ని జేబులో వేసుకొచ్చాడు. దాని మీద పేరు లేదు, నంబరు లేదు. "అన్నా, ఇట్టాంటిదే ఇంకోటియ్యి" అన్నాడు. ఆ 'ఇట్టాంటిదే' అన్నదాన్ని తేల్చడానికి పుట్టిన ద్విపద ఇది. చివరి రెండు పాదాలకూ ప్రాస కుదరలేదేమంటారా? పల్నాటి వీరచరిత్ర నడిచింది ప్రాస లేని మంజరీ ద్విపదలోనే. ఈ పల్నాటి గడ్డ మీద ప్రాస అడిగే హక్కు ఎవరికీ లేదు.

ప్రతిపదార్థం: నల్లనైనది = నల్లగా ఉన్న సీలు ముఖం (ఒకదానికొకటి ఒరుసుకునే రెండు ముఖాల్లో ఒకటి); గీయ = కాగితం మీద గీస్తే; నలుపంటు = నల్లగీత పడితే; బొగ్గు = కార్బన్; పింగాణి = అల్యూమినా సెరామిక్; టంగ్‌స్టను = టంగ్‌స్టన్ కార్బైడ్. తక్కినవి స్పష్టం.

విశేషం: వ్యాఖ్యాతలు తన్నుకునేది మొదటి పాదం దగ్గరే. నల్లగా ఉండేది కార్బన్ ఒక్కటే కాదు, సిలికాన్ కార్బైడ్ కూడా నలుపే. కార్బన్ కాగితం మీద పెన్సిల్లా గీత పెడుతుంది. సిలికాన్ కార్బైడ్ గీత పెట్టదు సరికదా, గాజుపెంకును గీకేస్తుంది. ఈ తేడాతో పనేముందని తేలిగ్గా తీసెయ్యకూడదు. 1958లోనే సిమెంటు ఫ్యాక్టరీ వెలిసిన సున్నపురాతి నేల ఇది. తేట నీళ్ళు తోడే మోనోబ్లాకు మోటారుకు కార్బన్, సెరామిక్ జత హాయిగా సరిపోతుంది. నాపరాళ్ళు కోసే మిషను దగ్గర అలా కాదు. అక్కడి బురదనీళ్ళలోని రాతిపొడి కార్బన్‌ను అరగదీస్తుంది. అందుకని రెండు ముఖాలూ సిలికాన్ కార్బైడే వెయ్యాలి. నల్లగా ఉంది కదా అని కార్బన్ బిగిస్తే షాఫ్టు దగ్గర మళ్ళీ నీళ్ళు కారతాయి.

'గీయ' అంటే అంచుతో గీయమని. ముఖం జోలికి పోరాదు. దాని చదును మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా చూసి తీర్చిందాయె.

మూడో పాదం: టంగ్‌స్టన్ కార్బైడ్ నీటికి సుమారు 15 రెట్లు బరువు. సిలికాన్ కార్బైడ్ 3 రెట్లకు కాస్త ఎక్కువ. కళ్ళు మూసుకున్నా చెయ్యి చెప్పేస్తుంది.

ఆక్షేపం: స్టీలు కూడా బరువేగా?
సమాధానం: స్టీలు 8 రెట్లే. పైగా ఆకురాయి పెడితే స్టీలు అరుగుతుంది, టంగ్‌స్టన్ కార్బైడ్ మీద ఆకురాయే జారుతుంది. అయస్కాంతంతో తేల్చుదామంటే అది అంత నమ్మకస్తురాలు కాదు. కోబాల్టు కలిపినదైతే లాగుతుంది, నికెలు కలిపినదైతే చాలావరకు పట్టించుకోదు.

నాలుగో పాదం: తెల్లారేసరికి ఉబ్బితే ఆ రబ్బరు ఈపీడీఎం రకం. ఉబ్బకపోతే నైట్రైల్ గానీ వైటాన్ గానీ. రెంటిలో వైటానే బరువు.

పాఠాంతరం: "రబ్బరు నిప్పున రవ్వంత కాల్చు" అని కొందరు చదువుతారు. గణాలు సరిపోయాయి, యతి కూడా కుదిరింది. అయితే ఆ రబ్బరు వైటానైతే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. తడి తగిలితే అది గాజును సైతం తినే ఆమ్లం. కనుక ఈ పాఠం ప్రక్షిప్తం.