పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదట!

మరమ్మతు సూచీ వస్తోందట, సంతోషం. కొనే వస్తువు డబ్బా మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే చాలు, రేపు ఆ వస్తువు చెడిపోతే బాగుపడే యోగం ఉందో లేదో మార్కులతో సహా తెలిసిపోతుందట. 2025 మేలో ప్రభుత్వ కమిటీవారు నివేదిక కూడా ఇచ్చేశారు. విప్పడం ఎంత సులువు, స్క్రూలు ఏ రకం, విడిభాగాలు ఎన్నాళ్లకు దొరుకుతాయి, అన్నిటికీ మార్కులే. లెక్కగట్టి ప్రకటించేది మాత్రం తయారుచేసిన కంపెనీయే. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకునే ఈ సదుపాయం మా రోజుల్లో లేక ఇలా కాలమ్‌లు రాసుకుంటున్నాను గానీ, ఉండి ఉంటే ఏ కలెక్టరో అయ్యేవాణ్ని.

ముందు ఫోన్లు, ట్యాబ్‌లేనట. లాప్‌టాప్‌ల వంతు వచ్చేలోపు నా గోడు కాస్త చెవినేసుకోండి.

నా దగ్గర ఎనిమిదేళ్ల లాప్‌టాప్ ఒకటుంది. ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్లు నొచ్చేంత బరువు. కొన్ననాడు కంపెనీ గొప్పగా చెప్పుకున్నదేమిటంటే, ఇందులో గ్రాఫిక్స్ కార్డు బోర్డుకు అతికించి లేదు, సాకెట్‌లో కూర్చుంది, కావాలంటే విప్పి మార్చుకోవచ్చని. ఎంఎక్స్‌ఎం అంటారు ఆ పద్ధతిని, 2004 నుంచీ ఉన్నదే. మొన్న ఆ కార్డు కాస్తా పోయింది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో నాలుగు షాపులు తిరిగి, అదే సాకెట్‌కు సరిపోయే కొత్తతరం కార్డు తెచ్చుకున్నాను. స్క్రూలు ఊడాయి, కార్డు కూర్చుంది. సూచీ లెక్కన ఈపాటికి నూటికి తొంభై నావే. మీట నొక్కాను. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం అమావాస్య.

రిపేరు షాపుల్లో దీన్ని 'నో డిస్‌ప్లే' కేసంటారు. ఇందులో బ్రహ్మరహస్యమేమీ లేదు. మీట నొక్కగానే విండోస్ కంటే ముందు లేచేది బయోస్. లోపల ఏ కార్డు ఉంది, దాన్నెలా పలకరించాలి, తెర ఎలా వెలిగించాలి అన్నది దాని పని. నా లాప్‌టాప్‌లోని బయోస్ ఈ కార్డు పుట్టకముందు రాసింది. ముఖం తెలియనివాళ్లు గుమ్మంలో నిలబడితే తలుపు తీయని ముసలాయనలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. కొత్త బయోస్ కంపెనీ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఎక్కిస్తే సరి.

ఎక్కించడం ఎలా? తెర మీద కనిపించే సూచనలు పాటించాలట!

పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఈ సామెత కట్టిన మహానుభావుడెవరో గానీ, కంపెనీలు దాన్నే మాన్యువల్‌గా అచ్చేసుకున్నాయి.

కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను.

"సార్, బయోస్ వెర్షన్ ఎంతో చెప్తారా?"

"అది తెర మీదే కదమ్మా కనిపించాలి. తెరే రావడం లేదు."

"ఓకే సార్. అయితే పాత గ్రాఫిక్స్ కార్డు పెట్టి, బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాత కొత్తది పెట్టుకోండి."

"పాతది పోయిందమ్మా. పోబట్టే కొత్తది కొన్నాను."

"అర్థమైంది సార్. పాతది బాగుచేయించుకుని మళ్లీ కాల్ చేయండి సార్."

ఆ అమ్మాయిని అని లాభం లేదు, ఎదురుగా ఉన్న కాగితం చదివింది. ఆ కాగితం రాసిన పెద్దమనిషిని చూడాలని ఉంది నాకు. ఆయన లోకంలో కార్డు మార్చేవాళ్లంతా పాతది నిక్షేపంగా పనిచేస్తుండగానే ముచ్చటపడి మారుస్తారు కాబోలు! కస్టమర్ కేర్‌వారు టీవీకి కలిపి చూడమన్నారు. టీవీకి వెళ్లే తీగా ఆ కార్డులోంచే వస్తుంది మహాప్రభో.

పోనీ, ఇలాంటి ఆపత్కాలానికి రికవరీ మీటలుంటాయి కదా అంటారు మీరు. ఉన్నాయి. పొరుగింటి పుల్లకూర రుచి కాబట్టి నావి కాని కంపెనీల పద్ధతులు కూడా చదివాను. హెచ్‌పీలో విండోస్ మీట, బి మీట కలిపి పట్టుకుని పవర్ బటన్ రెండు మూడు సెకన్లు నొక్కాలి. తెర కొంతసేపు నల్లగానే ఉండొచ్చు, బీప్‌లు వినిపించవచ్చు. డెల్‌లో చార్జర్ పీకేసి, కంట్రోల్, ఎస్కేప్ మీటలు పట్టుకుని మళ్లీ చార్జర్ గుచ్చాలి. బయోస్ రికవరీ పేజీ కనిపించేదాకా మీటలు వదలకూడదు. ఆ పేజీ కనిపించేది ఎక్కడ? తెర మీద.

నా కంపెనీ కాగితంలోనూ అదే ధోరణి. 'కాసేపు తెర నల్లగా ఉంటుంది. కంగారు పడవద్దు. మధ్యలో ఆపవద్దు.' ముందే నల్లగా ఉన్న తెర ఇంకా నల్లబడిందని నాకెలా తెలియాలి? పని జరుగుతున్న నలుపు ఒకటి, పని చెడిన నలుపు ఒకటి. ఈ రెండు నలుపుల తేడా కనిపెట్టడానికి రాత్రి పదకొండు గంటలకు లైటార్పి, తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాను.

"అయిందా అండీ?" అంది మా ఆవిడ.

"అవుతున్నట్టుంది."

"ఎలా తెలుసు?"

"ఫ్యాను గట్టిగా తిరుగుతోంది."

"అది ఇందాకా గట్టిగానే తిరిగింది."

నా రెండు గంటల పరిశోధన అంతటితో సమాప్తం.

మర్నాడు అదే మోడల్ ఉన్న మిత్రుడి ఇంటికి పోయాను. అతని బయోస్ మెనూలో అప్‌డేట్‌కు దారి చూసి, నొక్కాల్సిన మీటల వరస కాగితం మీద రాసుకున్నాను. కుడికి రెండు, కిందికి నాలుగు, ఎంటర్, మళ్లీ కిందికి ఒకటి, ఎంటర్. బస్సులో సంధ్యావందనంలా వల్లె వేసుకుంటూ ఇంటికొచ్చి, చీకటి తెర ముందు ఒక్క అక్షరం పొల్లుపోకుండా నొక్కాను. అతనిది నా దానికంటే కొత్త బయోస్. అందులో మెనూ వరస ఒకటి ఎక్కువని తర్వాత తెలిసింది. కాబట్టి నేనేదో మార్చాను. ఏం మార్చానో మాత్రం ఈనాటికీ తెలియదు.

ఇదంతా చేతకాక జరుగుతున్నదైతే జాలిపడి ఊరుకునేవాణ్ని. చేతకాక కాదు, అదే నా మంట. డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో చాలావాటికి వెనకాల ఒక చిన్న బటన్ ఉంటుంది. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ అంటారు. తెర అక్కర్లేదు, ర్యామ్ అక్కర్లేదు, ప్రాసెసర్ కూడా అక్కర్లేదు. కరెంటిచ్చి, పెన్‌డ్రైవ్ గుచ్చి, బటన్ నొక్కితే లైటు మిణుకుమిణుకుమంటుంది. లైటు ఆరితే పని అయినట్టు. ఏళ్ల తరబడి ఉన్న విద్య ఇది. మరి లాప్‌టాప్‌లో ఎందుకు పెట్టరు? చోటు లేదా? 2024లో ఏఐ కోసం కోపైలట్ మీట పెట్టడానికి కీబోర్డు మీద చోటు దొరికిందే! చచ్చిన యంత్రాన్ని లేపే బటన్‌కు సూది బెజ్జమంత జాగా దొరకలేదా? విప్పుకోవచ్చని చెప్పి అమ్మి, విప్పాక తాళం బయోస్‌లో దాచిపెట్టుకోవడాన్ని నేను డిజైన్ అనను, మోసం అంటాను. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే బోర్డు మొత్తం మార్చాలన్నారు. చెప్పిన ధరకు ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది. వాళ్లు కోరేదీ అదే.

చివరికి మళ్లీ సీటీసీయే దిక్కయింది. మూడో అంతస్తులో ఒక కుర్రాడు ఫ్యాను చప్పుడు విని, "బోర్డుకేం కాలే సార్, బయోస్ కొడితే వస్తది" అన్నాడు. మూత విప్పి, బయోస్ ఉండే గోరంత ఎనిమిది కాళ్ల చిప్పుకు క్లిప్పు తగిలించాడు. ఆ క్లిప్పు ద్వారా చిప్పులో రాసే ప్రోగ్రామర్ యంత్రం ఖరీదు కొన్ని వందల రూపాయలు. ముందు పాత బయోస్‌ను రెండుసార్లు చదివి, రెండూ ఒకటేనని సరిచూసి, దాచిపెట్టాడు. సీరియల్ నంబరు వగైరా పోకుండా చూసుకుని కొత్తది ఎక్కించాడు. చాయ్ తాగి వచ్చేసరికి తెర వెలిగింది.

కమిటీ పెద్దలకు మనవి. లాప్‌టాప్‌ల వంతు వచ్చినప్పుడు స్క్రూలు లెక్కపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: తెర వెలగనప్పుడు కూడా కొన్నవాడు దీని బయోస్ మార్చుకోగలడా? జవాబు 'లేదు' అయితే మిగతా మార్కులన్నీ కొట్టేసి సున్నా పెట్టండి.

పాఠకులకు ఒక మాట. మీ లాప్‌టాప్ తెర ఇవాళ వెలుగుతోంది కదా. దాని రికవరీ మీటలేవో, బయోస్ వెర్షన్ ఎంతో ఇవాళే చూసి రాసిపెట్టుకోండి. కాగితం మీద.