వారాంతపు వడ్రంగి

వారాంతపు వడ్రంగి హైదరాబాదు అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో, వాషింగ్ మెషీన్ పక్కన కనిపిస్తాడు. వయసు నలభైకి అటూ ఇటూ. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుని, శనివారం తెల్లారగానే చిత్రిక అందుకుంటాడు. గుర్తుపట్టడం తేలిక: ఎడమ ముంజేతి మీద వెంట్రుకలుండవు. బ్లేడు పదును చూసేది అక్కడే. బాగా ముదిరినవాళ్లకు రెండో చేయి కూడా నున్నగానే ఉంటుంది.

ఇతడి ఆయుధం సాధారణంగా 4వ నంబరు ఇనుప చిత్రిక. పొడవు 9 అంగుళాలు, బ్లేడు వెడల్పు 2. ఈ తరహా చిత్రికకు 19వ శతాబ్దంలో రూపం దిద్దినవాడు అమెరికాకు చెందిన లెనార్డ్ బెయిలీ. కొత్తది పెట్టెలోంచి తీయగానే పనిచేస్తుందనుకోవడం ఉత్త అమాయకత్వం. ముందు దాని అడుగు చదును కావాలి. అడుగున పెన్సిలుతో అడ్డగీతలు గీసి, గాజుపలక మీద గరుకు కాగితం పరిచి, గీతలన్నీ చెరిగేదాకా రుద్దాలి. గాజుపలక ఎక్కడిదని ఇంట్లో ఎవరూ అడగరు. టీపాయ్‌కి పైభాగం ఏమైందని అడుగుతారు.

తర్వాత బ్లేడు. వీపంతా రుద్దనక్కర్లేదు, అంచు దగ్గర కాస్త మేర నునుపైతే చాలు. అంచును 25 డిగ్రీల వాలులో సానపట్టి, కొసను మాత్రం 30 డిగ్రీలకు ఎత్తి నాలుగు లాగులు లాగాలి. రాయి మొదట 1000 నంబరుది, ఆపైన 6000 నంబరుది. బ్లేడు మీద కూర్చునే మూతరేకును అంచుకు అర మిల్లీమీటరు దూరంలో బిగిస్తే ముడులున్న చెక్క కూడా పెచ్చులూడదు. ఈ అర మిల్లీమీటరు గురించి ఇతడు మాట్లాడగలిగినంతసేపు వినగలిగిన చుట్టం ఇంకా పుట్టలేదు.

చెక్క వంతు ఆఖరున వస్తుంది. పీట కోసం తెచ్చిన టేకు ముక్కను బిగించి, పోగుల వాలు చూసుకుని అటే తోయాలి. ఎదురు తోస్తే పోగులు లేచిపోతాయి. తోపు మొదట్లో బరువు ముందు పిడి మీద, చివర్లో వెనక పిడి మీద ఉండాలి. అన్నీ కుదిరితే సుయ్‌మంటూ ఉల్లిపొరంత పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. ఇతడు దాన్ని వెలుతురుకు పట్టి, దాని గుండా దినపత్రిక చదువుతాడు. జపానులో ఈ పొట్టుకు పోటీలే జరుగుతాయి, 10 మైక్రాన్లకు లోపు తీసేవాళ్లున్నారు. ఆ సంగతి తెలిసిన రోజే పీట తయారీ ఆగిపోతుంది. పైగా టేకులోని సిలికా పదునును త్వరగా తినేస్తుంది కనుక మళ్లీ సానరాయి దగ్గరికే వెళ్లాలి. అందుకు ఇతడు చింతించిన దాఖలాలు లేవు.

వానాకాలంలో వంటింటి తలుపు ఉబ్బి బిగుసుకుంటుంది. “అంత పోసి కొన్నారు కదండీ, ఈ తలుపు కాస్త చిత్రిక పట్టకూడదూ?” అంటుంది ఇల్లాలు. ఇప్పుడు పడితే వేసవిలో చెక్క తేమ వదిలి కుంచించుకుపోయి, సందు పడుతుందని ఇతడు సెలవిస్తాడు. మాట అబద్ధం కాదు. ఎండలు ముదిరేసరికి తలుపు తనంతట తానే సర్దుకుంటుంది. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ భుజంతో నెట్టుకుని వంటింట్లోకి వెళ్తారు.