వరుసగా పదహారు పేజీలు

మదనపల్లె నుంచి కదిరి వెళ్లే రోడ్డు మీద అంగళ్లు దగ్గర ఒక జిరాక్స్ షాపు ఉంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ప్రింట్లకూ, ప్రాజెక్టు పుస్తకాల బైండింగ్‌కూ అక్కడికి వస్తుంటారు. ఆ షాపులోని పాత డెస్క్‌టాప్ లోపల, మదర్‌బోర్డులో బిగించి ఉన్న 4 జీబీ ర్యామ్ కథ ఇది. అది డీడీఆర్3 రకం, అంచున 240 పిన్నులున్న సన్నటి ఆకుపచ్చ పలక. దానిలోని ప్రతి కణాన్నీ 64 మిల్లీసెకన్లకోసారి తిరిగి చార్జ్ చేస్తూ ఉండాలి. లేకపోతే రాసిందంతా చెరిగిపోతుంది. అందుకే కరెంటు పోతే ఈ ర్యామ్‌కు నిన్నటి సంగతులేవీ గుర్తుండవు. దాని పాత ముచ్చట్లు దొరికేది, లినక్స్ కెర్నెల్ చెప్పే మాటలను హార్డ్‌డిస్కులో దాచే లాగ్‌లోనే.

సిస్టమ్ బిగుసుకుపోతే అందరి వేలూ ముందు ర్యామ్ వైపే చూపిస్తుంది. క్యాబినెట్ మూత తీసి, క్లిప్పులు విప్పి, ర్యామ్‌ను బయటికి లాగుతారు. బంగారు రంగు పిన్నుల మీద పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా రుద్ది, పొడి దులిపి, టక్‌మని చప్పుడు వచ్చేదాకా నొక్కి పెడతారు. సిస్టమ్ అసలు ఆన్ కాకుండా బీప్ కొడుతుంటే ఈ వైద్యం పనిచేస్తుంది. గంటల తరబడి బాగా నడిచి, నలుగురు క్యూలో నిలబడిన సమయంలో మౌస్ ఆగిపోతే మాత్రం రబ్బరుతో ఒరిగేదేమీ లేదు. ఈ ర్యామ్‌ను రాత్రంతా మెమ్‌టెస్ట్‌లో పెట్టారు. ఒక్క తప్పు కూడా తేలలేదు.

“ఏం తమ్ముడూ, కొత్త ర్యామ్ ఏసేద్దామా?” అని షాపాయన అడిగాడు. కంప్యూటర్ సైన్స్ చదివే పుంగనూరు కుర్రాడొకడు కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. “ఉండన్నా, ముందు లాగ్ చూద్దాం. రోగం ఒకటో రెండో తేలనీ.”

రెండని తేలింది. వాటిని కలిపి ఒకటే అనుకోవడం వల్లే అన్నాళ్లూ మందు దొరకలేదు.

మొదటి రోగం లాగ్‌లో కనబడింది. ‘పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 4’ అన్న వాక్యం, దాని కింద చాంతాడంత వివరం. కెర్నెల్ ర్యామ్‌ను 4 కేబీల పేజీలుగా కోసి లెక్క పెట్టుకుంటుంది. 4 జీబీకి 10,48,576 పేజీలు. ఆర్డర్ 4 అంటే రెండును నాలుగుసార్లు హెచ్చించినన్ని, అంటే పదహారు పేజీలు, 64 కేబీ. అడిగింది, మధ్యమధ్యలో నెట్ వదిలేస్తున్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ డ్రైవర్. 4 జీబీలో 64 కేబీ ఒక లెక్కా? పైగా ఆ క్షణాన వందల ఎంబీలు ఖాళీగా ఉన్నాయని అదే లాగ్ చెబుతోంది. మరి ఎందుకు దొరకలేదు?

ఎందుకంటే డ్రైవర్ అడిగింది పక్కపక్కనే ఉన్న పదహారు పేజీలు. మదనపల్లె టమోటా యార్డు సీజన్‌లో ఇలాగే ఉంటుంది. రాశుల మధ్య అక్కడో జానెడు, ఇక్కడో బారెడు ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, లారీ నిండా వచ్చిన క్రేట్లను ఒక్కచోట దించడానికి మాత్రం నేల దొరకదు. మామూలు ప్రోగ్రాములకు ఈ బాధ లేదు, వాటి పేజీలు ఎక్కడెక్కడ చెదిరి ఉన్నా ఒకే వరుసలో ఉన్నట్టు ప్రాసెసర్ చూపించగలదు. కొన్ని డ్రైవర్లకు మాత్రం నిజంగానే వరుస కావాలి. పైగా నెట్‌వర్క్ డ్రైవర్ చాలాసార్లు ఇంటరప్ట్ మధ్యలో అడుగుతుంది కాబట్టి, ఆగి, జాగా ఖాళీ చేయించుకునే వ్యవధి కూడా ఉండదు.

ఈ పంపకానికి వాడే పద్ధతి చాలా పాతది. బెల్ ల్యాబ్స్‌లో కెన్నెత్ నోల్టన్ 1965లో ప్రచురించిన బడ్డీ పద్ధతే నేటికీ లినక్స్ లోపల నడుస్తోంది. పెద్ద ముక్కను సగానికి సగం కోసి ఇస్తారు. రెండు సగాలూ తిరిగొస్తే మళ్లీ అతుకుతారు. ఒక సగం ఎవరి చేతిలోనైనా ఇరుక్కుపోతే రెండోది ఒంటరిగా మిగిలిపోతుంది. కుర్రాడు ప్రోక్ డైరెక్టరీలోని బడ్డీఇన్ఫో ఫైలు తెరిచాడు. ఒక్కో వరుసలో పదకొండు అంకెలు, ఎడమ చివర ఒంటి పేజీలు, కుడి చివర 4 ఎంబీ ముక్కలు. ఈ ర్యామ్ వరుసలో ఎడమవైపు వేలల్లో అంకెలున్నాయి, ఐదో గడి నుంచి కుడివైపంతా సున్నాలే. నిదానంగా చదివితే అంత స్పష్టంగా ఏ పరికరమూ తన ఒంటి సంగతి చెప్పదు.

దీనికి మందు కష్టమేమీ కాదు. పేజీలను ఒక పక్కకు జరిపి వరుస జాగా తీసే కంపాక్షన్ 2010లో 2.6.35 వెర్షన్‌లోనే కెర్నెల్‌లోకి వచ్చింది. అడగకముందే ఆ పని చేసిపెట్టే ఏర్పాటు 2020లో 5.9తో వచ్చింది. పాత కెర్నెల్‌ను మార్చి, అత్యవసరానికి పక్కన ఉంచే మెమరీ హద్దును కుర్రాడు కాస్త పెంచాడు. డాంగిల్ మధ్యలో నెట్ వదిలేయడం ఆగింది.

డెస్క్‌టాప్ బిగుసుకుపోవడం మాత్రం ఆగలేదు. ఆ సమయంలో లాగ్‌లో ఒక్క ముక్క కూడా లేదు. అసలు ఆధారం ఆ మౌనమే. అలొకేషన్ విఫలమైతే కెర్నెల్ గట్టిగా చెబుతుంది. ఇక్కడ ఏదీ విఫలం కాలేదు, అన్నీ నెరవేరుతున్నాయి, కాకపోతే భరించలేనంత నెమ్మదిగా. కుర్రాడు మెమరీ రాకపోకలు చూపే వీఎంస్టాట్‌ను సెకనుకోసారి ఫైల్లోకి రాసేలా పెట్టి వదిలేశాడు. మర్నాడు చూస్తే, క్రోమ్‌లో పది పన్నెండు ట్యాబులు, లిబ్రే ఆఫీస్‌లో బొమ్మలతో నిండిన ప్రాజెక్టు రిపోర్టు తెరిచి ఉన్నప్పుడు, డిస్కులోంచి లోపలికీ లోపలి నుంచి డిస్కుకూ పేజీలు ఆగకుండా తిరుగుతున్నాయి. ప్రాసెసర్ డిస్కు కోసం కాచుకుని కూర్చుంది. ర్యామ్ జవాబు నానోసెకన్ల లెక్క, తిరిగే హార్డ్‌డిస్కు జవాబు మిల్లీసెకన్ల లెక్క. ఆ తేడా సుమారు లక్ష రెట్లు.

పీటర్ డెన్నింగ్ 1968లోనే దీన్ని వివరించాడు, త్రాషింగ్ అంటారు. పనికి నిజంగా కావలసిన పేజీలన్నీ ర్యామ్‌లో పట్టనప్పుడు, ఒకటి తెచ్చుకోవడానికి ఇంకొకటి తీసేస్తారు, మరుక్షణమే ఆ తీసేసింది కావాల్సి వస్తుంది. అలా తీసేసిన పేజీలను దాచే డిస్కు జాగాను, అంటే స్వాప్‌ను, లేకుండా చేస్తే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ప్రోగ్రాముల కోడ్ పేజీలు ఎలాగూ డిస్కులో ఉన్నాయి కదా అని కెర్నెల్ వాటిని వదిలేసి, పదే పదే చదువుతూనే ఉంటుంది. ఎన్నో కొన్ని పేజీలు ఖాళీ అవుతున్నంతసేపూ మెమరీ అయిపోయినట్టు అది భావించదు. అందుకే ఎవరినో ఒకరిని చంపి మిగతావాళ్లను బతికించే ఓఓఎమ్ కిల్లర్ నిమిషాల తరబడి రానే రాదు. షాపులో మనిషి ఎదురుచూస్తుంటే నిమిషాలు చాలా ఎక్కువ, ఈ విషయంలో తప్పు కెర్నెల్‌దేనని చెప్పక తప్పదు.

ఆ లోటు కెర్నెల్ రాసేవాళ్లకూ తెలుసు. ఎంత సమయం మెమరీ కోసం ఊరికే ఆగుతున్నారో కొలిచే ప్రెషర్ స్టాల్ లెక్క 2018 డిసెంబరులో 4.20 వెర్షన్‌తో వచ్చింది. ఫెడోరా లినక్స్ వాళ్లు, కెర్నెల్ కంటే ముందే కల్పించుకునే ఎర్లీఓఓఎమ్‌ను 2020లో, మరుసటి ఏడు సిస్టమ్‌డీ-ఓఓఎమ్‌డీని డెస్క్‌టాప్‌లో ముందే పెట్టి ఇచ్చారు. ఏ పేజీ పాతదో మరింత బాగా పసిగట్టే కొత్త పద్ధతి 2022లో 6.1తో చేరింది.

షాపు సిస్టమ్‌లో ఉన్నది ఉబుంటు. కుర్రాడు ఎర్లీఓఓఎమ్ ఎక్కించాడు. ర్యామ్, స్వాప్ రెండింటిలోనూ ఖాళీ పది శాతం కిందికి దిగితే అది బరువైన ప్రోగ్రామును మర్యాదగా మూసుకోమంటుంది, ఐదు శాతం కిందికి పోతే నేరుగా చంపేస్తుంది. పేజీలను కుదించి ర్యామ్‌లోనే దాచే జీర్యామ్ కూడా పెట్టాడు. ఆల్ట్, సిస్‌రిక్యూ, ఎఫ్ కలిపి నొక్కితే ఓఓఎమ్ కిల్లర్‌ను చేత్తో పిలవచ్చు. ఉబుంటులో మామూలుగా ఆ తాళం వేసి ఉంటుంది కాబట్టి దాన్ని తెరిచి, షాపాయనకు వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాడు.

“అయితే కొత్త ర్యామ్ అక్కర్లేదా?”

“రెండో స్లాట్ ఖాళీగా ఉందన్నా, ఇంకో 4 జీబీ ఏసుకుంటే మంచిదే. దీన్ని మాత్రం పారెయ్యొద్దు.”

హాల్‌టికెట్ల రోజున షాపు బయటిదాకా క్యూ కట్టారు. మధ్యాహ్నం క్రోమ్‌లో రెండు ట్యాబులు చచ్చిపోయాయి. ట్యాబులను ముందు బలిచ్చేలా క్రోమ్ తానే వాటికి ఎక్కువ మార్కులు వేసి ఉంచుతుంది, కాబట్టి మొత్తం బ్రౌజరు పోలేదు. షాపాయన వాటిని రీలోడ్ కొట్టాడు. మౌస్ కదులుతూనే ఉంది, ప్రింటరు కాగితాలు లాగుతూనే ఉంది. చచ్చిన రెండు ట్యాబుల ప్రాసెస్ పేర్లూ, నంబర్లూ, వేళతో సహా లాగ్‌లో ఉన్నాయి.