రుసుము తీసుకున్న తహసీల్దారు

తెలుగును ఇంగ్లీషు బారి నుంచి కాపాడే భారం నా మీదే ఉందని చాలాకాలం నమ్మాను. ఒక ఇంగ్లీషు మాటకు ఒక తెలుగు మాట వెతికి పెడితే పని అయిపోతుందనుకునేవాణ్ని. ఓ చిన్న పత్రికలో పేజీలు చూసే రోజుల్లో నా కన్ను ‘ఛార్జి’ మీద పడింది. నిక్షేపంలాంటి ‘రుసుము’ ఉండగా ఇదెందుకు? ఆ రుసుము కూడా అరబ్బీ నుంచి వచ్చిందేనని అప్పటికి తెలియదు.

ఒక్కొక్కటే దిద్దే ఓపిక లేక, ‘ఛార్జి’ కనిపించిన చోటల్లా ‘రుసుము’ పెట్టమని కంప్యూటరుకు చెప్పాను. అది ఎదురు చెప్పే రకం కాదు కదా! ప్రూఫుల్లో రైతుల మీద లాఠీరుసుము జరిగింది. జిల్లాకు ఇన్‌రుసుము మంత్రి వచ్చారు. పోలీసులు కోర్టులో రుసుముషీటు వేశారు. కొత్త తహసీల్దారు సోమవారం రుసుము తీసుకున్నారు. ప్రూఫులు చూసే పెద్దాయన అన్నిటికీ ఎర్ర సున్నాలు చుట్టి, చివరిదాని దగ్గర కలం ఆపి, “దీన్ని ఉంచేద్దామా సార్?” అన్నారు.

సిగ్గేసి ‘ఛార్జి’ పుట్టుక చదివాను. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి. బండికి సరుకెత్తడం అనే అర్థంతో బయల్దేరి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో ‘ఛార్జ్’ అయింది. ఆ బరువు జేబు మీద పడితే ధర, భుజాన పడితే బాధ్యత, నెత్తిన పడితే నేరారోపణ. తుపాకీలో కూరే మందూ ఛార్జే. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తు గురించి రాస్తూ ఈ మాటే వాడాడు. మన భౌతికశాస్త్రం పుస్తకాల్లో అది ‘ఆవేశం’ అయింది. లాఠీఛార్జికైతే ఆ మాట ఇంకా బాగా అతికేది.

ఛార్జిషీటు విషయంలో నా అజ్ఞానం మరీ ముదురు. అది పడిందంటే కోర్టు నేరం మోపేసినట్టేననుకునేవాణ్ని. 2024 దాకా అమల్లో ఉన్న 1973 నాటి సీఆర్‌పీసీ 173వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఇచ్చేది నివేదిక మాత్రమే. దాన్ని చూసి ఛార్జి ఖరారు చేయాలో వద్దో తేల్చేది న్యాయమూర్తి.

ఇంత చదివినవాడు ఊరుకుంటాడా? పాండిత్యం ఇంటి మీద పడింది. మా ఆవిడ విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బస్సులో వస్తూ ఫోన్ చేసింది.

“ఏవండీ, ఛార్జింగ్ అయిపోయింది. చెప్పేది వినండి...”

“అయిపోయిందంటే ఇంగ్లీషు లెక్కన బ్యాటరీ నిండిందని. అసలు నువ్వు అనాల్సింది...”

నా వ్యాకరణం సగంలో ఉండగానే ఫోన్ చచ్చిపోయింది. ఎల్బీ నగర్‌లోనే దిగిపోతానని చెప్పబోయిందట. నేనేమో ఇమ్లీబన్ బస్టాండులో వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగిచూస్తూ నిలబడ్డాను.

వేరే పనిలేక చుట్టూ మాటలు విన్నాను. ఛార్జీలు మండిపోతున్నాయని ఒకరు, ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకోవాలని ఇంకొకరు, ఇక్కడ ఇన్‌ఛార్జి ఎవరని మరొకరు. ఎవరికీ తికమక లేదు. ఇంగ్లీషువాళ్లు చాలా చోట్ల ఒకే మాటతో నెట్టుకొస్తుంటే, మనవాళ్లు దాన్ని కోసి, ముక్కకో తల, తోక తగిలించి వేరువేరు మాటలు చేసుకున్నారు. టిక్కెట్టు డబ్బులైతే ఛార్జీలు, ఎక్కువగా బహువచనమే. బాధ్యత మోసే మనిషైతే ఇన్‌ఛార్జి. ఫోనుదైతే ఛార్జింగ్. ఇంగ్లీషులో అది జరిగే పని, తెలుగులో అది ఉండే సరుకు. ఎక్కుతుంది, దిగుతుంది, తక్కువవుతుంది, చివరికి అయిపోతుంది. మా ఆవిడ మాట్లాడింది నికార్సయిన తెలుగు. దాన్ని నేను ఇంగ్లీషులోకి లాగి తప్పు పట్టాను, తెలుగును కాపాడేవాణ్నే!

ఇంటికి చేరేసరికి ఆవిడ ఆటోలో ఎప్పుడో వచ్చేసి, భోజనం కూడా ముగించింది. బస్టాండులో నాకు కలిగిన జ్ఞానోదయమంతా పూసగుచ్చినట్టు చెప్పాను. చెయ్యి తుడుచుకుంటూ ఓపిగ్గా విని, “ఇకమీదట వంద శాతం ఉంటేనే మీకు ఫోన్ చేస్తాను లెండి” అంది.